ఏటికి బాకీ పడ్డ గుంత

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, డెన్వర్ నగరానికి ఉత్తరంగా సౌత్ ప్లాట్ నది వెంబడి ఉపగ్రహ చిత్రాలు చూస్తే బ్రైటన్, ఫోర్ట్ లప్టన్, గ్రీలీ ఊళ్ల దాకా ఏటి పక్కనే వరసగా చెరువులు కనిపిస్తాయి. మన చెరువుల్లా వంపు తిరిగిన కట్టలు వాటికి లేవు. అంచులు గీతగీసినట్టు ఉంటాయి, మూలలు కోసుగా ఉంటాయి. వాటిలో చాలావాటికి వాగు వచ్చి కలవదు, అలుగూ లేదు. అయినా నీళ్లుంటాయి. ఆ నీళ్లు పైనుంచి వచ్చినవి కావు, అడుగు నుంచి ఊరినవి. కాంక్రీటు కోసం ఇసుకా గులకరాళ్లూ తవ్వుకుపోగా మిగిలిన గుంతలవి. ఈ అధ్యాయం ఆ గుంతలు తాగే నీటి గురించి, తాగినదాన్ని తిరిగి కట్టించడానికి కొలరాడో పెట్టిన లెక్క గురించి. నాకు తెలిసినంతలో ఒక గుంత మీద ఇంత పట్టుదలగా లెక్క రాసిన ప్రాంతం మరొకటి లేదు.

ముందు ఆ రాళ్లు అక్కడికెలా వచ్చాయో చూద్దాం. పడమట రాకీ పర్వతాలున్నాయి. మంచుయుగాల్లో హిమానీనదాలు కరిగినప్పుడల్లా ఆ నీళ్లు గ్రానైటును పగలగొట్టి, దొర్లించి, గుండ్రంగా అరగదీసి మైదానంలోకి తెచ్చి పడేశాయి. కింద నీరు చొరని షేల్, బంకరాయి. దాని మీద కొన్నిచోట్ల అయిదారు మీటర్లు, కొన్నిచోట్ల ముప్ఫై మీటర్ల మందాన ఇసుక, గులక. కాంక్రీటుకు ఇంతకన్నా మంచి సరుకు దొరకదు. గట్టిరాయి, ఏరే కడిగిపెట్టింది, పిండి చేయనక్కర్లేదు, పైగా ఊరి పక్కనే ఉంది. కంకరకు గనిలో ధర తక్కువ, దారి ఖర్చే ఎక్కువ. అందుకే డెన్వర్ పెరిగినకొద్దీ గుంతలు కొండల్లో కాక ఏటి పక్కనే పడ్డాయి.

ఆ ఇసుకపొర ఖాళీగా లేదు. రాళ్ల సందుల్లో దాదాపు పావు వంతు చోటు ఉంటుంది. ఏటికి దగ్గరగా అయితే నేలకు రెండు మూడు మీటర్ల కింద నుంచి ఆ చోటంతా నీరే. ఆ నీరు నిలవ ఉండదు, మెల్లగా ఏటివైపు నడుస్తుంది. ఎండాకాలం చివర్లో, మంచు కరుగుదల అయిపోయాక కూడా ఏటిలో నీరుందంటే అందులో పెద్ద భాగం ఈ ఊటే. ఏరూ ఇసుకపొరా ఒకే నీటికి రెండు రూపాలు. ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకుంటే మిగతాదంతా సులువు.

రెండు మీటర్ల మన్ను కప్పు కింద ఉన్న నీటిని ఎండ దాదాపు తాకలేదు. యంత్రం వచ్చి ఆ కప్పు తీసేస్తే నీరు ఆకాశానికి ఎదురుగా నిలబడుతుంది. ఆ క్షణం నుంచి అది ఆవిరవుతుంది, గుంత ఉన్నన్నాళ్లూ ఆవిరవుతూనే ఉంటుంది. తవ్వకం ఆగిపోయినా, కంపెనీ మూతపడినా, ఎండ మూతపడదు.

ఆవిరి ఎంతో ఎలా తెలుస్తుంది? అమెరికా వాతావరణ శాఖ వాడే తొట్టి నాలుగడుగుల వెడల్పు, పది అంగుళాల లోతు. రోజూ అందులో ఎంత తగ్గిందో కొలుస్తారు. ఇనప తొట్టి గాలికీ ఎండకీ చెరువుకన్నా ఎక్కువ వేడెక్కుతుంది కనుక, వచ్చిన అంకెను సుమారు 0.7తో గుణించి చెరువు లెక్కకు తెస్తారు. డెన్వర్ దిగువ మైదానంలో అది ఏడాదికి 40 అంగుళాలు దాటుతుంది. వానేమో 14, 15 అంగుళాలు. ఎండ పుచ్చుకునేదాంట్లో వాన ఇచ్చేది మూడో వంతు.

ఏడాది మొత్తాన్ని నెలల మీద ఎలా పంచాలో కూడా రాష్ట్ర ఇంజనీరు కార్యాలయం చెప్పింది. 6,500 అడుగుల ఎత్తుకు దిగువన ఉన్న గుంతలకు జనవరి వాటా 3 శాతం, జూలై వాటా 15 శాతం. ఏడాదికి 42 అంగుళాలనుకుంటే జూలైలో ఆరు అంగుళాల పైచిలుకు, అంటే రోజుకు అయిదు మిల్లీమీటర్లు. చూపుకు ఏమీ కాదు. కానీ యాభై ఎకరాల గుంత మీద ఏడాదంతా వేసి చూడండి. వానకు దక్కే తగ్గింపు పది అంగుళాలు పోగా (ఆ పదెందుకో తర్వాత చెబుతాను) మిగిలేది 32 అంగుళాలు. యాభై ఎకరాలకు 133 ఎకరా-అడుగులు. ఎకరం నేల మీద అడుగు లోతు నిలిచే నీరు ఒక ఎకరా-అడుగు, లీటర్లలో 12 లక్షల 33 వేలు. మొత్తం పదహారు కోట్ల లీటర్లు దాటింది. ఏటా అంత.

గుంత నీటిని ఇంకో రెండు దారుల్లో కూడా తీసుకుంటుంది. ఒకటి, లారీతో బయటికి పోయే తడి. నీళ్లలోంచి తీసిన సరుకు బరువులో 4 శాతం నీరని రాష్ట్రం లెక్క. మన గుంత తొమ్మిది మీటర్ల లోతు అనుకుంటే ముప్ఫై లక్షల టన్నులకు పైగా సరుకు వస్తుంది. దానితో పోయే తడి లక్షా ముప్ఫై వేల ఘనపు మీటర్లు. పెద్ద అంకెలానే ఉంది గానీ, గని బతికినన్నాళ్లూ కలిపి లారీలు మోసుకుపోయిన నీరు, ఒక్క ఏడాది ఆవిరికన్నా తక్కువ. లారీ వెనక కారుతున్న నీరు దారిన పోయే ప్రతివాడికీ కనబడుతుంది. అసలు నష్టం ఎవరికీ కనబడదు.

రెండోది గుంత నిండటం. చాలా గనుల్లో పంపులు పెట్టి నీటిని ఏటిలోకి తోడేసి పొడిగా తవ్వుతారు. పని అయ్యాక పంపులు ఆపితే చుట్టుపక్కల ఊట లోపలికి దిగుతుంది. నీటిమట్టానికి ఆరు మీటర్ల కింది దాకా తవ్విన యాభై ఎకరాల్లో పన్నెండు లక్షల ఘనపు మీటర్లు పడతాయి. అందులో పావు వంతు అంతకుముందూ రాళ్ల సందుల్లో ఉన్నదే. మిగతా ముప్పాతిక ఒకప్పుడు రాయి ఉన్న చోటు. ఆ చోటు నింపడానికి ఏటికి పోవలసిన నీరే రావాలి. ఇది ఒకసారి కట్టి వదిలించుకునే బాకీ. ఆవిరి అలాంటిది కాదు. అయిదారేళ్లలో ఆ మొత్తాన్ని దాటేసి, ఆ పైన కూడా ఆగదు.

ఆవిరైన నీటికి ఇంత గొడవ ఎందుకన్నది న్యాయమైన ప్రశ్నే. కొలరాడోలో ఏటి నీరు ముందొచ్చినవాడికి ముందు. 1876 నాటి రాష్ట్ర రాజ్యాంగంలోనే ఆ మాట ఉంది. 1860ల్లో కాలువ తవ్వుకున్న రైతు, తన వాటా నిండకపోతే ‘కాల్’ పెడతాడు. అప్పుడు నీటి కమిషనర్ ఎగువన ఉన్న తర్వాతి హక్కుదారుల తూములు ఒక్కొక్కటే మూయిస్తూ పోతాడు. ఎండాకాలంలో సౌత్ ప్లాట్‌లో పంచుకోగా మిగిలే నీరంటూ సాధారణంగా ఉండదు. రాష్ట్రం దాటినా లెక్క ఆగదు. 1923లో నెబ్రాస్కాతో చేసుకున్న ఒప్పందం ప్రకారం ఏప్రిల్ 1 నుంచి అక్టోబరు 15 దాకా సరిహద్దు దగ్గర ప్రవాహం 120 క్యూసెక్కులకు తగ్గితే, నదీ దిగువ భాగంలో 1897 జూన్ 14 తర్వాతి హక్కులను కొలరాడో ఆపాలి. ఇలాంటి ఏటి పక్కన 1985లో గుంత తవ్వినవాడు, అడక్కుండానే నూరేళ్ల వెనకటి హక్కుదారుడి ముందు నిలబడి నీళ్లు తీసుకుంటున్నట్టు లెక్క. అతను పంపు పెట్టలేదు, కాలువ తీయలేదు. మూత తీశాడు, అంతే.

అంతేనా అన్నదే కోర్టుకెక్కింది. 1988లో జిగాన్ శాండ్ అండ్ గ్రావెల్ కంపెనీకీ, కాష్ లా పూడర్ ఏటి నీటి వాడకందార్ల సంఘానికీ నడిచిన వ్యాజ్యంలో కొలరాడో సుప్రీంకోర్టు తేల్చింది: భూగర్భ జలాన్ని బయటపెట్టిన గుంత చట్టం దృష్టిలో బావే, దానికి బావి పర్మిట్ కావాలి, ఆవిరైన నీటిని తిరిగి కట్టే పథకం కావాలి. మరుసటి ఏడాది శాసనసభ సెనేట్ బిల్లు 120 తెచ్చి దీన్ని చట్టంలో కూర్చింది. 1980 చివరిలోగా నీరు బయటపడ్డ గుంతలకు ఆవిరి బాకీ మాఫీ. 1981 జనవరి 1 తర్వాత బయటపడ్డ ప్రతి ఎకరానికీ కట్టాలి. ఒకే చెరువులో ఆ పక్క పాత నీరు, ఈ పక్క కొత్త నీరు ఉండొచ్చు. పాత వైమానిక చిత్రాలు పెట్టుకుని గీత ఎక్కడుందో తేలుస్తారు.

లెక్కలో గుంతవైపు జమలూ ఉన్నాయి. శీతాకాలంలో మంచు పలక కట్టిన రోజులకు ఆవిరి లేదని చూపొచ్చు. ఇంకొకటి మొదట విన్నప్పుడు అడ్డదిడ్డంగా తోస్తుంది. గుంతలో పడ్డ వాన గుంతవాడిది కాదు. ఆ వాన నేల మీద పడి ఉంటే అందులో కొంత ఇంకి ఏటికి చేరేది, అది ఏటిదే. మిగతాది అక్కడున్న గడ్డీ పొదలూ తాగేసేవి. తవ్వకంతో ఆ గడ్డి పోయింది కనుక, గడ్డి తాగేదాన్ని మాత్రం బాకీలోంచి తగ్గించుకోవచ్చు. అది వానలో సుమారు 70 శాతమని మామూలుగా వేస్తారు. ఇందాకటి పది అంగుళాలు ఇవే. ఇదే రాష్ట్రంలో 1974లో షెల్టన్ ఫార్మ్స్ కేసులో, ఏటి ఒడ్డున నీళ్లు పీల్చే చెట్లు కొట్టేసి ఆ మిగులు నీటిమీద కొత్త హక్కు అడిగినవాళ్లకు కోర్టు కుదరదంది. చెట్టు కొడితే నీరు రాదు, గుంత తవ్వితే గడ్డి వాటా తగ్గుతుంది. రెంటికీ పొంతన ఎక్కడని అడగొచ్చు. చట్టాలు పుట్టే చోట తర్కంతో పాటు కంకర వ్యాపారులు కూడా ఉంటారని నా ఊహ.

ఇక కష్టమైన భాగం. ఎంత అన్నది తేలింది, ఎప్పుడు అన్నది తేలాలి. జూలైలో గుంతలో ఆవిరైన నీటి లోటు ఏటికి జూలైలోనే తెలియదు. గుంతలో మట్టం కాస్త దిగుతుంది, చుట్టుపక్కల ఊట అటు వాలుతుంది, ఆ వాలు ఇసుకలో మెల్లగా పాకి ఏదో ఒకనాటికి ఏటి ఒడ్డు చేరుతుంది. ఏటికి దక్కాల్సిన ఊట అప్పుడు తగ్గుతుంది. బావి తోడితే దగ్గరి ఏరు ఎలా తగ్గుతుందో 1941లో సి.వి. థీస్ లెక్క కట్టాడు. 1954లో రాబర్ట్ గ్లోవర్, గ్లెన్ బాల్మర్ దాన్ని ఇంజనీర్ల చేతికి అందే సూత్రంగా మార్చారు. 1960ల చివర్లో భూగర్భ సర్వే శాఖకు చెందిన సి.టి. జెంకిన్స్ దానినుంచి ఒక్క అంకె తీశాడు. ఏటికి దూరాన్ని దానితోనే గుణించు, ఆ నేల ఎంత నీరు వదులుతుందో దానితో గుణించు, ఆ నేలలో నీరు ఎంత సులువుగా పారుతుందో దానితో భాగించు. వచ్చేవి రోజులు. అన్ని రోజులు ఆగకుండా నీరు తీస్తూ పోతే, తీసినదాంట్లో 28 శాతం అప్పటికి ఏటినుంచి వచ్చినట్టు.

గుంత ఏటికి 800 మీటర్ల దూరంలో ఉంది, నేల ఘనపరిమాణంలో అయిదో వంతు నీరు వదులుతుంది, దాని ప్రవాహశక్తి రోజుకు వెయ్యి చదరపు మీటర్లు అనుకుందాం. 128 రోజులు వస్తాయి. దూరం రెట్టింపైతే కాలం నాలుగింతలు, 512 రోజులు. ఈ వర్గం గుర్తుంటే చాలా సంగతులు విడిపోతాయి. ఏటికి ఆనుకుని ఉన్న గుంత తన బాకీని వేసవిలోనే, అందరూ కాల్ పెట్టే వేళకే చూపిస్తుంది. మైలు దూరంలో ఉన్న గుంత వేసవి ఆవిరిని శీతాకాలం మీదికీ, వచ్చే ఏడాది మీదికీ పరిచేస్తుంది. గుంతను ఈరోజు పూడ్చేసినా పాత వేసవుల లోటు ఇంకా దారిలోనే ఉంటుంది. తవ్వకం ఆగిన తర్వాత కూడా కొన్నేళ్లు నీరు కట్టాలని అధికారులు అడిగేది అందుకే. కక్ష కాదు, ఇసుకలో నీటి నడక అంత నెమ్మది.

నిజం చెప్పాలంటే ఈ సూత్రం నేల అంతటా ఒకే మందంగా, ఏరు తిన్నని గీతలా ఉన్నట్టు ఊహించుకుంటుంది. ఏ ఏరూ అలా ఉండదు. అయినా వాదించుకునే ఇద్దరికీ ఒకే కొలబద్ద ఉండటం, కొలబద్ద కచ్చితంగా ఉండటంకన్నా ముఖ్యమని ఆ ప్రాంతం తేల్చుకున్నట్టుంది.

నీరు ఎక్కడిది తెచ్చి కడతారు? కొత్త నీరు ఏటిలో లేదు గనుక పాత నీటినే కొనాలి. కాలువ కంపెనీ వాటాలు కొంటారు. ఆ వాటాతో పండిన పొలం ఇంతకాలం ఎంత నీరు నిజంగా తాగేసిందో లెక్కగట్టి అంతవరకే బాకీకి జమ చేస్తారు. పొలం మీంచి తిరిగి ఏటికి జారిపోయిన నీరు ఎప్పుడూ రైతుది కాదు. అది ఏటికి అలాగే జారాలి. ఇలా చేస్తే ఆ పొలం ఎండబెట్టాలి. కాంక్రీటు కోసం తవ్వితే ఎక్కడో ఒక చక్కెరదుంప చేనో, పశుగ్రాసం చేనో బీడు పడుతుందన్నమాట. నదీ లెక్క సరిపోతుంది, ఊరి లెక్క సరిపోదు. ఈ పద్ధతిని మెచ్చుకునేవాళ్లు ఆ బీడును తరచు చూపించరు. ఇంకో దారి నగరాలు శుద్ధి చేసి ఏటిలోకి వదిలే మురుగునీటిని కౌలుకు తీసుకోవడం. కొండల ఆవలి నుంచి సొరంగాల్లో తెచ్చుకున్న నీటిని నగరం ఒకసారి వాడాక మళ్లీ వాడుకునే హక్కు, అమ్ముకునే హక్కు నగరానికి ఉంటుంది.

నాకు బాగా నచ్చినది మూడో దారి, ఇంకుడు చెరువులు. శీతాకాలంలో కాల్ లేని రోజుల్లో ఏటి నీటిని కాలువలో పెట్టి, ఏటికి దూరంగా ఇసుక నేల మీది చెరువులో పోసి ఇంకనిస్తారు. లోటు ఏ సూత్రం ప్రకారం ఆలస్యంగా ఏటికి చేరుతుందో, ఈ ఇంకుడు కూడా అదే సూత్రం ప్రకారం ఆలస్యంగా చేరుతుంది. చెరువును ఎంత దూరంలో పెట్టాలో ఎంచుకుంటే జనవరి నీరు వేసవిలో ఏటికి వచ్చేలా చూడొచ్చు. ఫోర్ట్ మోర్గన్, స్టెర్లింగ్ వైపు రైతులు తమ బోర్ల బాకీలు 1970ల నుంచే ఇలా తీరుస్తున్నారు. 2002 కరువు తర్వాత నిబంధనలు బిగిసి, 2006 మే నెలలో సరైన పథకం లేని సుమారు 400 బావులను పంట వేసే వేళ ఆపించినప్పుడు, ఇంకుడు చెరువున్నవాడికీ లేనివాడికీ తేడా అందరికీ తెలిసింది.

మన ఏటి ఇసుక సంగతి వేరు. మనం తవ్వేది ఎక్కువగా ఏటి గర్భాన్నే. వరద వస్తే కొంతైనా పూడుతుంది. 2002 నాటి వాల్టా చట్టం, దాని నియమాల దృష్టంతా ఎంత లోతు, వంతెనకూ తాగునీటి బావికీ ఎంత దూరం అన్న దాని మీద ఉంటుంది. అక్కడివి ఏటి పక్క నేలలో గుంతలు, ఏ వరదా పూడ్చదు. కాబట్టి వాళ్ల పద్ధతిని ఉన్నదున్నట్టు ఇక్కడికి మోసుకురావడం కుదరదు. కానీ ఏటి పక్క పట్టాభూముల్లో ఇసుక తవ్వి నీళ్లు తేలిన గుంతలను వదిలేసినప్పుడు మాత్రం భౌతికశాస్త్రం రెండు చోట్లా ఒకటే. పైగా మన ఎండ ఇంకా ఎక్కువ.

చిక్కంతా కంపెనీ వెళ్లిపోయాక. కంకర అయిపోతుంది, ఆదాయం ఆగిపోతుంది, ఆవిరి మిగులుతుంది. ఏటా కట్టే నీటిని ఎవరు కొనాలి? 2009 ఏప్రిల్‌లో రాష్ట్రం గని యజమానులందరికీ లేఖ రాసింది: గుంత పూడ్చుతారా, నీరు చొరకుండా గోడ కడతారా, లేక శాశ్వతంగా నీటిహక్కు రాసిస్తారా తేల్చండి, తేల్చేదాకా ఆ ఖర్చుకు పూచీగా బాండు పెట్టండి అని.

చాలామంది గోడ వైపే మొగ్గారు. గుంత చుట్టూ ఇరుకైన కందకం తవ్వి, అది కూలకుండా బెంటొనైట్ బంకమట్టి కలిపిన చిక్కటి నీటితో నింపుతూ, అడుగున షేల్ తగిలి కాస్త లోపలికి దిగేదాకా పోతారు. తర్వాత ఆ కందకాన్ని మట్టీ బెంటొనైటూ కలిపిన ముద్దతో నింపుతారు. నిజంగా నీరు ఆగిందా లేదా అన్నది మాట మీద నమ్మరు. లోపల తోడేసి 90 రోజులు చూస్తారు, ఊరిన నీరు హద్దులోపు ఉంటేనే ఒప్పుకుంటారు. ఒప్పుకున్నాక అది భూగర్భ జలంతో సంబంధం తెగిన తొట్టి. ఊట నుంచి ఆవిరి లేదు గనుక ఆ బాకీ ఆగిపోతుంది. ఇంతలో ఇంకో మార్పు జరిగింది. థార్న్టన్, డెన్వర్ లాంటి నగరాలకు మైదానంలో నీరు నిలవ చేసుకునే చోటు కావలసి వచ్చింది. కొండల్లో కొత్త ఆనకట్టకు అనుమతి దొరకడం గగనం. గోడ కట్టిన గుంతలు సిద్ధంగా ఉన్నాయి. కొన్నిచోట్ల తీసిన కంకరకన్నా మిగిలిన గుంతకే విలువెక్కువైంది. ఏరు పారుతుండగా పట్టి దాచుకుని, కాల్ వచ్చినప్పుడు వదలడానికి ఆ తొట్టెలే పనికొచ్చాయి. ఒకప్పుడు బాకీపడ్డ గుంతలోంచే ఇప్పుడు పక్క గుంతల బాకీ తీరుస్తున్నారు.

అయితే గోడకూ ఒక నీడ ఉంటుంది. ఏటివైపు నడుస్తున్న ఊటకు అర మైలు పొడవున అడ్డం పెట్టినప్పుడు ఎగువన నీరు ఎగదన్ని పక్కవాడి సెల్లార్లోకి ఊరుతుంది, దిగువన మట్టం దిగి ఇంకొకడి బావి ఎండుతుంది. ఒకదాని పక్కన ఒకటి నాలుగు గుంతలకు గోడలు కడితే మధ్య సందుల్లోంచే ఊట దూరిపోవాలి. గోడ బయట చిల్లుల గొట్టాలు పాతి ఎగువ ఊటను దిగువకు తిప్పడం ఒక మందు. ఇక్కడే ఈ పద్ధతి హద్దు తెలుస్తుంది. ఇంత లెక్కా ఏటి దగ్గర కొలిచే లెక్క. బాకీ తీర్చిన నీరు ఏటిలో పడుతుంది, గుంత పక్క నేలలో పడదు. ఏరు నిండుగా ఉండి, పక్కింటి బావి ఎండటం రెండూ ఒకేసారి నిజం కావొచ్చు. దానికి చట్టంలో విడిగా ఉన్నది ఒక చిన్న నిబంధన: గుంతకు బావి పర్మిట్ ఇచ్చే ముందు 600 అడుగుల లోపు ఉన్న బావుల యజమానుల అంగీకారం తేవాలి, లేదా విచారణలో నెగ్గాలి. 601వ అడుగున బావి ఉన్నవాడు తన బావిలో మట్టం తానే కొలుచుకుంటూ, తవ్వకం మొదలవకముందు ఎంత ఉండేదో కాగితం మీద రాసి పెట్టుకుని, ఆ కాగితంతో గని అనుమతుల విభాగానికి వెళ్లాలి.